వియ్యంకుల ప్రభుత్వం

మా ఆదివారం కాలేజీకి ఒక ప్రభుత్వం ఉండేదని చెబితే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీండి. దానికి ఇద్దరు అధ్యక్షులు ఉండేవారనీ, ఆ ఇద్దరూ ఒకరి మీద ఒకరు పోటీచేసి ఒకరి కోసం ఒకరు ఓట్లు అడిగారనీ చెబితే ఇంకా నవ్వుతారు. అదీ నిజమే. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు కాబట్టి ఆ చరిత్ర నేనే రాస్తున్నాను.

నాకు కాశీబుగ్గలో చిన్న కుట్టు దుకాణం ఉంది. ఇంటర్ తర్వాత చదువు ఆగిపోయింది. నలభై దాటాక ఒకరోజు ఏదో మాటకి మా చిన్నవాడు "నీకేటి తెల్దులే అమ్మా" అన్నాడు. ఆ కోపంలో వెళ్ళి డిగ్రీకి ఫీజు కట్టేశాను. నా జీవితంలో చేసిన మంచిపనుల్లో సగం కోపం వచ్చి చేసినవే.

పలాసలో వారమంతా కుర్రకారు చదువుకునే ఒక కాలేజీలో ఆదివారం మాత్రం మాలాంటివాళ్ళకి క్లాసులు పెట్టేవారు. జీడిపిక్కల బట్టీల్లో పనిచేసేవాళ్ళు, అంగన్‌వాడీ ఆయాలు, మిలట్రీలో రిటైరై వచ్చినవాళ్ళు, కిరాణా కొట్ల వాళ్ళు. మేడమెట్లు ఎక్కేటప్పుడు మా క్లాసు క్లాసంతా "అమ్మా" అనేది. బెంచీల మీద కుర్రాళ్ళు చెక్కిన బాణం గుచ్చిన గుండెకాయలు ఉండేవి. వాటి మీద మేం మోచేతులు ఆనించి, కళ్ళజోళ్ళు సర్దుకుని, పాఠాలు వినేవాళ్ళం.

మా బాధ్యత చూసే లెక్చరరు మా పెద్దవాడి ఈడువాడు. ఆయన మమ్మల్ని "స్టూడెంట్స్" అనేవాడు, మేం ఆయన్ని "బాబూ" అనేవాళ్ళం. ఆయనకి మా మీద గౌరవం ఉండేది గానీ నమ్మకం ఉండేది కాదు. తప్పు ఆయనది కాదు. మొదట్లో ఆయన మేం రాగానే హాజరు వేసేవాడు. పేరు పిలవడం అవగానే ఒకరికి పెళ్ళి గుర్తొచ్చేది, ఒకరికి పరామర్శ గుర్తొచ్చేది, ఇంకొకరికి పొయ్యి మీద పెట్టిన పాలు గుర్తొచ్చేవి. భోజనాలయ్యేసరికి గదిలో ఆయన ఒక్కడూ ఫ్యాను కింద నిలబడి ఉండేవాడు. చివరికి ఒళ్ళు మండి, హాజరుని ఆఖరి పీరియడ్ చివరికి మార్చేశాడు. ఐదింటికి పేర్లు పిలుస్తాడు. అప్పుడు గదిలో ఉన్నవాళ్ళే వచ్చినట్టు లెక్క.

దాంతో మేమందరం దారికొచ్చాం. ఆ దెబ్బ మాత్రం పారిపోయే అలవాటు లేని ఒక్క మనిషికి తగిలింది.

ఆవిడది ఉద్దానం వైపు సముద్రపొడ్డున చేపలు పట్టే ఊరు. వారమంతా కాశీబుగ్గ వీధుల్లో బుట్ట నెత్తిన పెట్టుకుని చేపలు అమ్మేది. మా మధ్య చుట్టరికమేమీ లేకపోయినా నేనావిడని వదిన అనేదాన్ని, ఆవిడా నన్ను అలాగే పిలిచేది. వీధి మొదట్లో ఆవిడ కేకేస్తే వీధి చివర పిల్లులు లేచి ఒళ్ళు విరుచుకునేవి. తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లికి జబ్బు చేస్తే ఆ బుట్ట ఈవిడ నెత్తికెక్కింది. పెళ్ళయ్యి, పిల్లలు పుట్టి, వాళ్ళ పెళ్ళిళ్ళు కూడా అయ్యాక ఓపెన్ స్కూల్లో పదీ ఇంటరూ గట్టెక్కి, హాజరు ఐదింటికి మారాక మా క్లాసులో చేరింది. ఈ వయసులో ఎందుకు వదినా అని ఒకసారి అడిగాను.

"ఆరోజు మాయమ్మ ఒక్క వారం మొయ్యమంది వొదినా. ఆ వారం ఇంకా అవ్వనేదు" అంది.

ఆవిడ ఊరికి ఆదివారం ఆఖరి బస్సు నాలుగు దాటగానే. అది తప్పితే మర్నాడే. అందుకని ఆవిడ పొద్దున్న అందరికంటే ముందు వచ్చి, ముందు బెంచీలో కూర్చుని, నాలుగింటికి లేచి వెళ్ళిపోయేది. రిజిస్టరు చూస్తే మాత్రం ఆవిడ ఒక్కరోజు కూడా కాలేజీకి రానట్టే. మూడొంతుల హాజరు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. అంటే ఆవిడ చదువు మళ్ళీ తొమ్మిదో తరగతిలో ఆగినట్టే ఆగిపోతుంది.

"నాను పొద్దుట్నుంచీ మీ ఎదురుగుండానే ఉన్నాను గదా బాబూ. మీరు నన్ను సూత్తన్నారా నేదా?" అని లెక్చరరు బాబుని అడిగింది.

"చూస్తూనే ఉన్నానమ్మా. కానీ ఒకరికి వదిలితే అందరూ వెళ్ళిపోతారు" అన్నాడాయన.

పోనీ ఆఖరి పీరియడ్‌ని పొద్దున్న పెట్టమంటే దానికి మేమే అడ్డం. క్లాసులో చాలామందిమి బాప్టిస్టు సంఘం వాళ్ళం. ఆదివారం ఆరాధన ముగిశాక, తెల్లచీరలు మార్చుకోకుండానే పరుగెత్తుకొచ్చేవాళ్ళం. పొద్దున్నకి మారిస్తే వదిన గట్టెక్కుతుంది, మేం మునుగుతాం. మిగిలింది ఒకటే దారి, హాజరుని మధ్యాహ్నం భోజనాల తర్వాత వెయ్యమనడం. అది చెబితే లెక్చరరు బాబు చేతులు కట్టుకుని, "ఇలా విడివిడిగా అడిగితే కుదరదు. విద్యార్థి సంఘం పెట్టుకోండి, అధ్యక్షుణ్ణి ఎన్నుకోండి, ఆయన సంతకంతో రాసివ్వండి. అప్పుడు చూద్దాం" అన్నాడు.

అలా అంటే మేం విసుగొచ్చి ఊరుకుంటామనుకున్నాడు. ఆయన ఈ ప్రాంతం మనిషి కాదు పాపం. మా దగ్గర నలుగురు పెద్దమనుషులకి కుర్చీ ఒకటి చూపించి ఎన్నికంటే, పంట కోతలు కూడా వాయిదా వేసుకుని వస్తారు.

అధ్యక్ష పదవికి తగ్గవాళ్ళు ఇద్దరున్నారని అందరికీ తోచింది. ఒకాయన మందస వైపు పుట్టి, కాశీబుగ్గలో స్థిరపడ్డ రిటైర్డ్ సైనికుడు. అందరూ మిలట్రీ మావ అనేవాళ్ళు. లంచ్ బాక్సు మూత తీసేటప్పుడు కూడా నిటారుగా కూర్చునే మనిషి. ఇంకొకాయన కాశీబుగ్గలో జీడిపిక్కల బట్టీకి సూపర్‌వైజరు. ఆయన పిక్కల బావ. మెత్తటి మాట, మెత్తటి నడక, జేబులో ఎప్పుడూ వేయించిన జీడిపప్పు ముక్కలు. మిలట్రీ మావ పేరు వెనక బెంచీలవాళ్ళు చెప్పారు, పిక్కల బావ పేరు కిటికీ పక్కవాళ్ళు చెప్పారు. లెక్చరరు బాబు రెండు పేర్లూ బోర్డు మీద రాసేశాడు. రాశాక మాకు గుర్తొచ్చింది, వాళ్ళిద్దరూ వియ్యంకులని. మిలట్రీ మావ కూతుర్ని పిక్కల బావ కొడుక్కి ఇచ్చి ఏడాది కూడా కాలేదు.

ఆ మధ్యాహ్నం నుంచే ప్రచారం మొదలైంది. మిలట్రీ మావ బెంచీ బెంచీకీ తిరిగి, "ఓటు మా బావగోరికే ఎయ్యాల. నాను పిల్లనిచ్చినోణ్ణి. ఆడపిల్ల తండ్రి ఎల్లి మొగపిల్లోడి తండ్రిని ఓడించేత్తే ఊల్లో తలెత్తుకోగలనా?" అన్నాడు. ఆయన అటు వెళ్ళగానే పిక్కల బావ వచ్చి మా చేతుల్లో పప్పుముక్కలు పోసి, "మీరు బావగోరికే ఎయ్యాల మరి. ఆ పిల్ల మా ఇంట్లో ఉంతంది. వాల్ల నాన్నని నాను ఓడించేసి, రాత్రి ఆ పిల్ల సేత్తో అన్నం ఎలగ తింతాను?" అన్నాడు. వాట్సాప్ గ్రూపులో కూడా అదే గోల. తెల్లారేసరికి ఒకరి ఫొటోకి ఒకరు దండేసి పెట్టేవారు. దండలు వేసిన ఫొటోలు బయటికి పాకితే చూసి, గ్రూపులో లేనివాళ్ళెవరో నిజంగానే పరామర్శకి ఫోన్ చేశారు.

ఎన్నిక రోజున చీటీలు పంచారు. రెండు పేర్లు, నచ్చిన పేరు పక్కన టిక్కు. లెక్చరరు బాబు ఒక్కో చీటీ విప్పుతూ ఒకటే మాట అన్నాడు, "చెల్లదు." మళ్ళీ, "చెల్లదు." కాసేపటికి ఆయన గొంతు మారిపోయింది. ఇంచుమించు చీటీలన్నిటిలోనూ రెండు పేర్ల పక్కనా టిక్కులున్నాయి. 

"ఇదేంటి? ఒకరికే కదా వెయ్యమన్నాను?"

"ఎదురుగుండా ఇద్దరూ కూకున్నారు బాబూ. ఒకలికేసి ఒకలికి ఎయ్యకపోతే బావుంతాదా?" అన్నారు వెనకనుంచి.

నేనూ రెండూ వేశాను. మిలట్రీ మావ తన చొక్కాలు నా దగ్గరే కుట్టిస్తాడు, పిక్కల బావ కూతురి లంగాఓణీ నా మిషను మీదే ఉంది. సరే నాది వ్యాపారం అనుకోండి. ఎవరి హాజరు కోసం ఈ ఎన్నిక పెట్టించామో ఆ వదిన కూడా రెండూ వేసింది. "రెండిల్లలోనూ సేపలు కొంతారు వొదినా, ఏటి సెయ్యమంతావు" అంది నాతో గుసగుసగా. ఆవిడ గుసగుస కాబట్టి క్లాసంతా విన్నది.

చెల్లిన ఓట్లు రెండే. ఆయనకొకటి, ఈయనకొకటి. అవి ఎవరు వేశారో చెప్పక్కర్లేదు. ఎవరి వియ్యంకుడికి వాళ్ళు వేసుకున్నారు.

లెక్చరరు బాబు తల పట్టుకుని, "ఇద్దరూ అధ్యక్షులే, పొండి" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ విధంగా మా ప్రభుత్వం ఏర్పడింది. దాని మొదటి పని వదిన అర్జీ మీద సంతకం పెట్టడం. అర్జీ నేనే రాశాను, పేజీలో సగమే అయింది. మిగతా సగం సంతకాలకి.

"బావగోరూ, మీరు ముందు" అన్నాడు మిలట్రీ మావ.

"అబ్బెబ్బే, మీరు పెద్దోలు. మీరు ముందు" అన్నాడు పిక్కల బావ.

ఆ కాగితం బెంచీ మీద అటూ ఇటూ జరిగింది. మిలట్రీ మావ, వియ్యంకుడి సంతకం పైన ఉండాలని చోటు వదిలి కాస్త కింద వేలుపెట్టి చూపించాడు. పిక్కల బావ అంతకంటే కిందకి జరిగాడు. మరుసటి వారానికి ఇద్దరూ కాగితం అడుక్కి వచ్చేశారు. ఆ పై వారం పిక్కల బావ కాగితం వెనక్కి తిప్పి అక్కడ పెడతానన్నాడు. ఇలా ఆదివారాలు గడిచిపోతున్నాయి. ప్రతి ఆదివారం నాలుగింటికి వదిన లేచి, ఆ ఇద్దరి వైపూ ఒకసారి చూసి, బస్సుకి వెళ్ళిపోయేది. ఆ చూపుకి నాకు సిగ్గేసేది. ఇంకొన్ని వారాలు పోతే ఇక ప్రతి ఆదివారం హాజరు పడినా మూడొంతులు చేరదని నేను లెక్కగట్టి చెప్పాను. ఆవిడ వేళ్ళ మీద ఆ లెక్క మళ్ళీ వేసుకుంది.

ఆ తర్వాతి ఆదివారం భోజనాల దగ్గర ఆవిడ తన ఎండుచేపల కూర గిన్నె మూసేసింది. ఆ కూర కోసం వియ్యంకులిద్దరూ పొద్దున్నుంచీ ఎదురుచూస్తారని ఆవిడకి తెలుసు.

"కూర పెట్టను. ముందు కాయితం తెండి" అంది.

అర్జీ తెచ్చి బెంచీ మీద పరిచింది. ఇద్దరి చేతుల్లో రెండు పెన్నులు పెట్టింది. ఒకాయన్ని కుడివైపు, ఒకాయన్ని ఎడమవైపు నిలబెట్టింది.

"మా ఒడ్డున పెద్దవల లాగీటప్పుడు ఆ కొస ఒకలు, ఈ కొస ఒకలు పట్టుకుంతారు. ఒకలు ముందు లాగీసి ఒకలు ఎనక లాగితే సేపలన్నీ పోతాయి. రెండు కొసలూ ఒక్కసారే రావాల. మీరూ అంతే. నాను హైలెస్సా అంతే ఇద్దరూ ఒక్కసారే గీకీయాల. ఎవులు ముందెట్టినా కూర నేదు."

క్లాసంతా చుట్టూ మూగింది. వదిన గట్టిగా "హైలెస్సా" అంది. ఆ కేకకి పక్క గదిలో ఎవరో కుర్చీ పడేశారు. మిలట్రీ మావ కుడివైపు, పిక్కల బావ ఎడమవైపు, ఒకే వరసలో సంతకాలు పడ్డాయి. రెండూ వంకర సంతకాలే గానీ ఒకటి పైనా లేదు, ఒకటి కిందా లేదు. మేం ఈలలు వేశాం. నా అంత లావు మనిషి కూడా ఈల వెయ్యగలదని నాకు ఆరోజే తెలిసింది.

లెక్చరరు బాబు అర్జీ రెండుసార్లు చదివాడు. "సరే. వచ్చే ఆదివారం ఒక్కసారి చూస్తాను. రెండింటికే హాజరు వేస్తాను. ఐదింటికి వచ్చి తలలు లెక్కపెడతాను. ఈ అమ్మ ఒక్కరూ వెళ్ళొచ్చు. ఇంకొక్క తల తగ్గినా పాత పద్ధతే" అన్నాడు.

ఆ వారం గ్రూపులో ఒక్క దండ కూడా పడలేదు. ఆదివారం పెళ్ళి ఉన్నవాళ్ళు అక్షింతలు ముందురోజే వేసి వచ్చారు. పిక్కల బావ కోడలికి, అంటే మిలట్రీ మావ కూతురికి, నెలలు నిండాయి గానీ ఇంకా గడువుందన్నారట. ఆ పొద్దున్న కాస్త నొప్పి అంటే వియ్యపురాళ్ళిద్దరూ టెక్కలి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మగవాళ్ళిద్దరూ మాటిచ్చాం కదా అని కాలేజీకే వచ్చారు.

రెండింటికి లెక్చరరు బాబు రిజిస్టరు తెరిచాడు. ఒక్కో పేరూ పిలుస్తున్నాడు, ఒక్కొక్కరూ పలుకుతున్నారు. వదిన పేరు పిలిచాడు. జవాబు లేదు. తల ఎత్తి చూశాడు. ఆవిడ ముందు బెంచీలో, ఆయన చెయ్యి చాస్తే అందేంత దూరంలో లేచి నిలబడి ఉంది. నోరు తెరిచింది. వీధి చివర పిల్లుల్ని లేపే ఆ గొంతు ఎక్కడికి పోయిందో, గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఉందండీ!" అని వియ్యంకులిద్దరూ ఒక్కసారే అరిచారు.

"ఆవిడే చెప్పాలి" అన్నాడు లెక్చరరు బాబు, కోపంగా కాదు.

"ఉన్నాను బాబూ" అంది వదిన. ఎంత చిన్నగా అందంటే పక్కనున్న నాకు మాత్రమే వినపడింది. తొమ్మిదో తరగతి తర్వాత తన పేరుకి తను పలకడం అదే. నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఏడ్చానని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మూడున్నర దాటాక ఇద్దరు అధ్యక్షుల ఫోన్లూ ఒకేసారి మోగాయి. మనవరాలు పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. క్లాసంతా లేచి నిలబడింది. పిక్కల బావ జేబులో పప్పుముక్కలు ఉన్నవన్నీ పంచేశాడు. తర్వాత ఇద్దరూ మళ్ళీ బెంచీ మీద కూర్చున్నారు.

"ఎల్లరేటి?" అంది వదిన.

"ఐదింటికి తలలు లెక్కెడతారు గదా. ఎల్తే నీ హాజరు పోద్ది" అన్నాడు మిలట్రీ మావ, బోర్డు వైపు చూస్తూ. బోర్డు మీద ఏమీ లేదు.

వదిన గోడ గడియారం చూసింది. బస్సు టైమైపోతోంది. సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, సంచీ బెంచీ కింద పెట్టేసింది.

"నాను కూకుంతాను. నాదొక తల ఉంది. మీలో ఒకలు ఎల్లండి."

ఇంకేం. మొదలైంది.

"బావగోరూ, మీరెల్లండి. మీ ఇంటి పిల్ల."

"మీరు కన్న కూతురు, మీరు ముందు."

వదిన బెంచీ మీద చేత్తో కొట్టింది. ఈసారి గొంతు ఎక్కడికీ పోలేదు. "పురుడు కాడ కూడా మీరు ముందు, మీరు ముందు ఏటి? కనీసిన పిల్ల కల్లు తెరిస్తే ఎవుల కోసం సూత్తాది? కన్నతండ్రి కోసం సూత్తాది. మిలట్రీ మావా, లెగు. బేగెల్లు."

ఆయన నిజంగానే సైనికుడిలా లేచి, వియ్యంకుడికి ఒక దండం పెట్టి, మెట్లమీద "అమ్మా" అనకుండా పరుగెత్తాడు. పిక్కల బావ కూర్చుండిపోయాడు. ఆఖరి పీరియడ్‌కి వచ్చిన సారు గంటసేపు పాఠం చెబితే, బావ ఆ గంటసేపూ పుస్తకం తలకిందులుగా పట్టుకుని చదివాడు.

ఐదింటికి లెక్చరరు బాబు వచ్చి తలలు లెక్కపెట్టాడు. మిలట్రీ మావ ఖాళీ చోటు చూశాడు, వెళ్ళిపోయి ఉండాల్సిన వదినని చూశాడు.

"సరిపోయింది" అన్నాడు. "ఇకమీదట రెండింటికే హాజరు."

ఆయన గుమ్మం దాటకముందే పిక్కల బావ ఆయన్ని దాటుకుని టెక్కలి వైపు పరుగెత్తాడు. వదినకి బస్సు పోయింది కాబట్టి నాతో మా ఇంటికి నడిచింది. దారిలో అడిగింది.

"వొదినా, ఆ ఆఖరి కిలాసు పెతీ వారం అలగే ఉంతాదా?"

"ఎలా?"

"అందరూ నిద్దరోతన్నారు. నువ్వయితే గురక కూడా ఎట్టినావు. దీనికోసమా నానిన్నాల్లు ఏడిసినాను?" అని పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "కానీ పాటం బావుంది. రేట్లు ఎందుకు పెరుగుతాయో సెప్పినాడు. సేపల రేటు గురించి నాకు తెలిసిందే, దానికో పేరుందని తెల్దు. వచ్చే వారం మిగిలింది సెప్తాడంట. అప్పుటికి నాను బస్సులో ఉంతాను" అంది.

తర్వాతి ఆదివారం ఆవిడ ఈ సంగతి ప్రభుత్వం ముందు పెట్టింది. అధ్యక్షులు, అప్పటికి ఇద్దరూ తాతలు, ఒకే గొంతుతో తీర్మానం చేశారు. ఆఖరి పీరియడ్‌లో చెప్పిన పాఠం ప్రతి సోమవారం నేను వదినకి చెప్పాలి. నేను నిద్రపోతానని అందరికీ తెలుసు కాబట్టే నన్ను పెట్టారు. మూడేళ్ళలో ఆ ప్రభుత్వం చేసిన చట్టం అదొక్కటే, అది నా ఒక్కదాని మీదే. మళ్ళీ ఎన్నికలు కూడా జరగలేదు. ఇద్దరూ రాజీనామా ఇవ్వాలనుకున్నారు గానీ ఎవరు ముందివ్వాలో తేలలేదు.

వదిన పరీక్షలన్నీ రాసింది. ఒక్కటి కూడా తప్పలేదు. నాకే ఒకటి తప్పి, మళ్ళీ కట్టుకోవలసి వచ్చింది. ఇప్పుడు ఆవిడ పీజీలో చేరింది, నన్నూ చేర్పించింది. అక్కడా క్లాసులు ఐదింటిదాకానే, ఆవిడ బస్సూ నాలుగు దాటగానే.

ప్రతి సోమవారం పొద్దున్న నా దుకాణం మెట్ల మీద బుట్ట దించుతుంది. చెంగుతో మొహం తుడుచుకుంటుంది. నేను మిషను ఆపుతాను.

"సెప్పు వొదినా," అంటుంది, "నిన్న నానెల్లిపోయినాక ఏటి సెప్పినారు?"